ఫ్యూజు కాలి కింద తీగ

బల్ల మీద పరిచిన స్పానర్లను ఒక్కొక్కటే తీసి, నూనె గుడ్డతో తుడిచి, గోడ మేకులకు తగిలిస్తోంది ఫరీన్. సముద్రపు గాలి రాత్రంతా షెడ్డులో తిరుగుతుంది. ఒక్క పూట తుడవకపోతే చాలు, ఇనుము మీద ఎర్రటి పొడి లేస్తుంది. తోటపల్లి గూడూరు దాటాక, కోడూరు బీచికి పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ షెడ్డు వాళ్ల నాయన ఖాదర్ మొహిద్దీన్‌ది. ముందు షెడ్డు, వెనక ఇల్లు. కార్లకు, ట్రాక్టర్లకు కరెంటు పనులు చేస్తాడాయన. చక్కెర జబ్బు కళ్ల మీదికి వచ్చినప్పటి నుంచి సన్న తీగల పనంతా ఫరీన్ చేతికి వచ్చింది. ఇంటరు అయిపోయి ఇంట్లో ఉన్న పిల్ల, మొదట టార్చి పట్టుకొని నిలబడేది. ఇప్పుడు నాయన నిలబడతాడు, పని తను చేస్తుంది.

చివరి స్పానరు తుడుస్తుండగా తెల్ల కారు వచ్చి ఆగింది. ఆ బండి రొయ్యల గుంటల జయరామయ్యది. డ్రైవరు క్రీస్తురాజు దిగుతాడని చూసింది ఫరీన్. క్రీస్తురాజు దిగలేదు. జయరామయ్యే స్టీరింగు వెనక నుంచి కష్టంగా కాళ్లు బయటపెట్టి దిగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"మీ నాయన మాటే నిజమైంది పాపా," అన్నాడు దిగుతూనే. "ఆ లైటు మళ్లా వెలిగింది. ఒరిజినల్ ఎవురికో ఇచ్చేసి, నా బండికి డూప్లికేటు తగిలించినాడు వాడు. నిన్ననే తాళం లాక్కోని పొమ్మన్నా."

లోపలి నుంచి వస్తున్న ఖాదర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "నేను ఏమో అన్నాను గానీ సార్, ఖాయంగా అనలేదే," అన్నాడు.

"ఏమో ఏంది ఖాదరూ. పదకొండేళ్లు నా ఇంట్లో తిన్నాడు. ఇంతకుముందు ఏమేం మార్చేసినాడో ఇప్పుడు నాకేం తెలుస్తుంది? సాయంత్రానికల్లా బండి సరిచేసి పెట్టు."

వెనకే వచ్చిన బంధువుల కుర్రాడి మోటారు సైకిలెక్కి ఆయన వెళ్లిపోయాడు. తండ్రీ కూతురూ కారు పక్కన మిగిలారు.

విషయం చిన్నదే. బండి పొగగొట్టంలో ఒక సెన్సార్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో అది కంప్యూటరుకు చెబుతుంది. ఆ లెక్కను బట్టి ఇంజిను పెట్రోలు తాగుతుంది. ఆ సెన్సార్ వేడెక్కితే గాని పనిచేయదు. పొద్దున్నే చల్లగా ఉన్న బండిలో దాన్ని తొందరగా వేడి చేయడానికి దాని కడుపులోనే చిన్న హీటరు పెట్టి ఉంటుంది. ఆ హీటరుకు కరెంటు సరిగ్గా అందకపోతే డ్రైవరు ముందు పసుపు లైటు వెలుగుతుంది.

మొదటిసారి ఆ లైటు వెలిగింది రొట్టెల పండగ రోజుల్లో. నెల్లూరు దర్గాకు వచ్చిపోయే బండ్లతో షెడ్డులో నిలబడే చోటు లేదు. స్కానర్ పెడితే హీటరు సర్క్యూట్ అని చూపించింది. కరెంటు చూసినావా అని నాయన అడిగితే, ఫరీన్ మీటరు పెట్టి, పన్నెండు వోల్టులు ఉంది నాయనా అంది. అలాగైతే సెన్సారే పోయిందన్నాడు ఖాదర్. క్రీస్తురాజు నెల్లూరు పోయి, అక్కడే కొత్త సెన్సార్ కొని బిగించుకొని వచ్చాడు. కొన్నాళ్లు లైటు రాలేదు. మళ్లీ వచ్చింది. అప్పుడు జయరామయ్య ఫోను చేస్తే, వేరే బండి కింద పడుకొని ఉన్న ఖాదర్, కొత్తది వేసినా అదే వస్తోందంటే అది ఒరిజినల్ కాదేమో సార్ అన్నాడు. ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకున్నది ఫరీనే. ఆ 'ఏమో' అవతలికి చేరలేదని ఇప్పుడు తెలిసింది.

"మొదట్నించీ చూద్దాం," అన్నాడు ఖాదర్.

ఇంజిను చల్లబడ్డాక ఫరీన్ కారు కిందికి దూరి సెన్సార్ ప్లగ్గు విడదీసింది. నాలుగు తీగల్లో తెల్లవి రెండూ హీటరువి. ఆ రెండింటి మధ్య మీటరు పెట్టి అంకె చదివింది. అది ఉండాల్సిన అంకే. హీటరు తీగ తెగలేదు, కాలలేదు. సెన్సార్ ఒంటి మీద కంపెనీ గుర్తు కూడా పొగమసి కింద స్పష్టంగా ఉంది.

"మంచి ముక్కే నాయనా," అంది కింద నుంచి.

అక్కడి నుంచి నాయన కాళ్లు కనిపిస్తున్నాయి. కాసేపటికి ఒక కాలు వెనక్కి జరిగింది.

అంటే క్రీస్తురాజు కొన్నది అసలుదే. ఆ సంగతి అంత తేలిగ్గా, మీటరు అద్దంలో నాలుగు గీతల్లో తేలిపోయింది. పండగ రోజుల్లో ఇదొక్కటి చూసి ఉంటే సరిపోయేదనుకుంది ఫరీన్.

ఇక కరెంటు వచ్చే వైపు. తాళం తిప్పమని చెప్పి ప్లగ్గులో మీటరు పెట్టింది. అప్పటిలాగే పన్నెండు చూపించింది.

"బల్బు పెట్టు," అన్నాడు ఖాదర్.

షెడ్డులో పాత హెడ్‌లైటు బల్బు ఒకటుంది, రెండు తీగలు అతికించి పెట్టుకున్నది. మీటరుకు మర్యాద ఎక్కువ, ఏదడిగినా అవునంటుంది, బల్బయితే పని చేయించి చూస్తుంది అంటాడు ఖాదర్. పండగ రోజుల్లో ఫరీన్ బల్బు పెట్టలేదు. పెట్టావా అని ఆయనా అడగలేదు.

బల్బు తీగలు ప్లగ్గులో ఆనించింది. కళ్లు మిరుమిట్లు గొలపాల్సిన బల్బు బీడీ కొసలా ఎర్రగా వెలిగి ఊరుకుంది. మీటరు చూస్తే పన్నెండు కాస్తా మూడుకు పడిపోయింది. ఎర్తు వైపు తీగ తీసి నేరుగా బ్యాటరీ మైనస్‌కు కలిపింది. బల్బు అలాగే ఉంది. ఎర్తు మంచిదే. కరెంటు వచ్చే దారిలోనే ఎక్కడో పట్టు లేదు. ఊరికే చూస్తే కరెంటు ఉంటుంది, పని అడిగితే ఉండదు.

"ఫ్యూజు దగ్గర చూడాల," అన్నాడు ఖాదర్.

ఫరీన్ కారు కింద నుంచి బయటికి వచ్చింది. బానెట్ లేపి ఉంది. ఫ్యూజుల పెట్టె మూత మీద చెయ్యి పెట్టిందే గాని తీయలేదు. అప్పటికే ఆమెకు తెలిసిపోయింది.

ఎండాకాలంలో, గుంటల్లో రొయ్యలు జబ్బుతో ఒడ్డుకు చేరి తేలుతున్న రోజుల్లో, జయరామయ్య క్రీస్తురాజు చేత బండి పంపించాడు. బతికున్న రొయ్యలను బకెట్లో వేసుకొని నెల్లూరు ల్యాబుకు తీసుకుపోవాలి, దారిలో అవి చచ్చిపోకుండా డిక్కీలో చిన్న గాలి మోటరు తిరగాలి, దానికి బండి కరెంటు కావాలి. ఖాదర్ ఆ రోజు కళ్లాసుపత్రికి పోయి ఉన్నాడు. అలాంటి పనికి బ్యాటరీ నుంచి వేరే తీగ లాగి, దానికి వేరే ఫ్యూజు పెట్టాలని ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. ఫరీన్‌కు అది రాక కాదు. బకెట్లో రొయ్యలు అప్పటికే పక్కకు తిరుగుతున్నాయి. తాళం తిప్పితే కరెంటు వచ్చే ఫ్యూజు ఒకటి వెతికి, దాన్ని పీకి, దాని రెండు కాళ్లలో ఒకదాని కింద తీగ కొస పెట్టి, మళ్లీ బొటనవేలితో నొక్కేసింది. రోడ్డు పక్కన అందరూ చేసే పనే అది. కానీ ఆ షెడ్డులో ఎప్పుడూ ఎవరూ చేయలేదు.

టార్చి పట్టుకున్నది క్రీస్తురాజు. వంగి చూసి అడిగాడు.

"ఈ ఫ్యూజు దేనిది పాపా? దీనికేం కాదు గదా?"

"ఏం కాదు రాజన్నా," అంది ఫరీన్. ఆ ఫ్యూజు దేనిదో మూత వెనక బొమ్మ గీసి ఉంటుంది. మూత తిప్పి చూడలేదు.

ఇప్పుడు మూత తీసింది. ఖాదర్ ముందుకు వంగి తనే ఫ్యూజు పీకాడు. ఒక కాలు నల్లబడి ఉంది. తీగ లావుకు ఫ్యూజు కాలు పట్టుకునే రేకు విచ్చుకుపోయింది. ఉప్పు గాలి దూరి పచ్చగా చిలుము పట్టింది. పట్టు ఒక రోజు దొరుకుతుంది, ఒక రోజు దొరకదు, కొత్త సెన్సార్ వేశాక లైటు కొన్నాళ్లు ఆగింది అందుకే. ఆ రేకులోంచి రాగి కొస ఒకటి బయటికి పొడుచుకొని ఉంది. దాని వెనక తీగకు నల్ల టేపు, టేపు మీద నీలం దారం చుట్లు.

ఖాదర్ కళ్లకు దారం రంగు ఆనలేదేమో. వేలితో తడిమాడు. టేపు వేడికి ఊడిపోకుండా దాని మీద జాకెట్టు దారం చుట్టి ముడివేయడం ఫరీన్ ఒక్కతే చేస్తుంది. అది చూసి మెచ్చుకొని, వచ్చినవాళ్లకు చూపించేవాడు. ఇప్పుడు ఆ ముడి మీద ఆయన వేలు రెండుసార్లు తిరిగి ఆగింది.

కటింగ్ ప్లేయరుతో తీగ కత్తిరించాడు. దాన్ని వేలికి చుట్టి, ఉండ చేసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. రేకును సూదితో దగ్గరికి నొక్కమని సైగ చేశాడు. ఫరీన్ చిలుము గీకి, రేకు నొక్కి, కొత్త ఫ్యూజు పెట్టింది. బల్బు మళ్లీ ఆనించగానే షెడ్డంతా తెల్లగా వెలిగింది. ఖాదర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నాయనా, అది నేను..."

"తెలుసు."

చేతులు కడుక్కుంటూ, నీళ్ల చప్పుడులో అన్నాడు. "ఆడపిల్ల చేత బండ్లు విప్పిస్తున్నాడని ఇప్పటికే అనేవాళ్లున్నారు. ఈ మాట బయటపడితే నీ చేతికి ఒక్క బండి ఇవ్వరు. నా కళ్లు చూస్తే ఇట్నా ఉండాయి. అడగనిదాన్ని చెప్పబాక."

సాయంత్రం జయరామయ్య వచ్చాడు. లైటు రాకపోవడం చూసి సంతోషపడ్డాడు. అడగనే అడిగాడు కూడా. "డూప్లికేటే గదా?"

ఖాదర్ తాళం అందిస్తూ, ఇప్పుడు బాగైంది లెండి సార్, ఇంక రాదు అన్నాడు. అది జవాబు కాదు. కానీ జయరామయ్యకు అదే జవాబు. ఫరీన్ బల్ల దగ్గర నిలబడి, తుడిచిన స్పానరునే మళ్లీ తుడుస్తోంది. కారు రోడ్డెక్కే వరకు ఆమెకు నోరు తెరిచే వ్యవధి ఉంది. కారు నిదానంగానే వెళ్లింది.

తర్వాతి రోజుల్లో క్రీస్తురాజు సంగతులు ఫరీన్ వాళ్లమ్మ బీజాన్ ద్వారా ఇంట్లోకి వచ్చేవి. అతని భార్య ప్రేమలీల, బీజాన్ ఒకే చోట చీరలకు ఫాల్స్ కుట్టడానికి కూర్చుంటారు. క్రీస్తురాజు రొయ్యలు పట్టే కూలికి పోతున్నాడట. ఐసు పెట్టెలు మోస్తున్నాడట. టీ అంగడి దగ్గర అతనికి సెన్సార్ రాజు అని పేరు పెట్టారట. ఎవరి బైకు అద్దం ఊడినా, సెన్సార్ రాజు ఇటొచ్చినాడా అని అడిగి నవ్వుతున్నారట. బిడ్డ బళ్లో కూడా ఆ మాట విని ఇంటికొచ్చి, సెన్సార్ అంటే ఏంది నాయనా అని అడిగిందట. బీజాన్‌కు అసలు సంగతి తెలియదు. అన్నం వడ్డిస్తూ, పాపం, మంచోడే, ఎందుకట్ట చేసినాడో అనేది. ఖాదర్ కంచంలో వేళ్లతో గీతలు గీసేవాడు. ఫరీన్ నీళ్లు తాగడానికి లేచి పోయేది.

తప్పు ఎంత అని ఆమె లెక్కేసుకునేది. తీగ ఒక్కటే తనది, మాట నాయనది, తరిమేసింది జయరామయ్య. అలా మూడుగా పంచుకుంటే కొంచెం తేలికయ్యేది. అంతలో టార్చి వెలుగులో వంగిన క్రీస్తురాజు మొహం గుర్తొచ్చేది. అతను అడిగాడు. అడిగిన మనిషి అతనొక్కడే. మరి జయరామయ్య నిలదీసినప్పుడు ఆ తీగ సంగతి అతనెందుకు చెప్పలేదు? ఎంత ఆలోచించినా ఒకటే తోచేది. ఏం కాదని తను చెప్పింది. అతను నమ్మాడు. నమ్మి మరిచిపోయాడు.

ఒక ఆదివారం, చర్చి అయిపోయాక, క్రీస్తురాజు ఖాదర్ ఇంటికి వచ్చాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. మెడ ఎండకు నల్లగా కమిలిపోయి, చేతుల మీద ఐసు పెట్టెలు గీరిన గాట్లు ఉన్నాయి. షెడ్డు వైపు నుంచి కాకుండా ఇంటి వైపు నుంచి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి రానా అన్నా, అన్నాడు. ఖాదర్ కుర్చీ చూపించాడు. అతను అంచు మీద కూర్చున్నాడు.

కాసేపు గాలి వాన అని మాట్లాడుకున్నారు. తర్వాత అతను వచ్చిన పని చెప్పాడు. ముత్తుకూరు వైపు ఒక బడికి వ్యాను డ్రైవరు కావాలంట. అంతా మాట్లాడుకున్నాక, ఆ బడి నడిపే ఆయన జయరామయ్య దగ్గర జరిగిన సంగతి ఎవరి ద్వారానో విన్నాడట. ఒక పెద్దమనిషి చేత మాట చెప్పించమన్నాడట.

"బండి విప్పి చూసింది నువ్వే గదన్నా. నేను వేయించింది మంచిదో చెడ్డదో నీకు తెలుస్తుంది. నాకు జయరామయ్య సార్ దగ్గరికి మళ్లా పోవాలని లేదు. ఆ బడాయనకు ఒక మాట చెప్పు చాలు."

ఖాదర్ నేల చూస్తూ, చూద్దాం రాజూ అన్నాడు.

"చూద్దామంటే ఎట్నన్నా? నీకు తెలియకపోతే తెలియదని చెప్పు, పోతా. తెలిసి చూద్దామంటే నేనేమనుకోవాల?"

టీ గ్లాసులు పళ్లెంలో పెట్టుకొని వచ్చిన ఫరీన్ ఆ మాట దగ్గర ఆగింది. ఒక గ్లాసు అతని చేతికిచ్చింది. పళ్లెం కింద పెట్టింది. ఆమె చూపు అతని చొక్కా గుండీల మీద ఉంది.

"సెన్సార్ మంచిదే రాజన్నా. ఒరిజినలే. ఎండాకాలం గాలి మోటరుకు నేను ఇచ్చిన తీగ ఉంది చూడు, ఫ్యూజు కాలి కింద పెట్టినానే, దానివల్ల పట్టు వదులైంది. హీటరుకు కరెంటు అందలేదు. ఆ రోజు బండి విప్పినప్పుడే మాకు తెలిసిపోయింది. సార్‌కు చెప్పలేదు."

క్రీస్తురాజు గ్లాసు పట్టుకొని ఆమెనే చూస్తున్నాడు. ఖాదర్ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు, తీగ ఇంకా అక్కడే ఉన్నట్టు. లోపల బీజాన్ గిన్నెలు సర్దడం ఆపేసింది.

అంతకంటే ఏం చేయాలో ఫరీన్‌కు తెలియలేదు. ఫోను తీసి జయరామయ్యకు కలిపి, అందరికీ వినిపించేలా నొక్కి బల్ల మీద పెట్టింది.

"చెప్పు పాపా, బండి భేషుగ్గా ఉంది," అన్నాడు జయరామయ్య. వెనక గుంటలో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్న మోత.

చెప్పింది. ఇందాక చెప్పినట్టే, ఏదీ తగ్గించకుండా చెప్పింది. తప్పు నాది సార్ అంది చివర.

జయరామయ్య ఏరియేటర్ల మోతను మించి గొంతు పెంచాడు.

"ఖాదరూ, పక్కన ఉండావా? ఏందిది?"

"నిజమే సార్," అన్నాడు ఖాదర్. "నేనూ దాచినా."

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడు బిట్రగుంట నించి కొత్తాయన వచ్చినాడు, పద్ధతిగా ఉండాడు. రాజుగాణ్ణి మళ్లా పిలిస్తే నలుగుర్లో నేనేందో పొరపాటు పడినట్టు ఉంటుంది. వాడికి యాడో ఒకచోట దొరుకుతుందిలే. మీరు ఈ మాట బయట అనబాకండి. అన్నట్టు పాపా, ఆ గాలి మోటరు ఇప్పుడు తిరగడంలా. రేపు బండి పంపిస్తా, ఈసారి సరిగ్గా వేసియ్యి."

"రాజన్న ఇక్కడే ఉన్నాడు సార్," అంది ఫరీన్. "వింటున్నాడు."

ఏరియేటర్ల మోత ఠక్కున ఆగిపోయింది. ఫోను ముఖం నల్లబడింది.

"ఆ బడాయన దగ్గరికి రేపు నేనే వస్తా రాజన్నా," అంది ఫరీన్. "ఇదే చెప్తా. టీ అంగడి దగ్గర కూడా చెప్తా. ఆ రోజు నువ్వడిగినావు. ఏం కాదన్నది నేనే."

అతను ఏదో ఒకటి అంటాడని ఎదురు చూసింది. తిడితే బాగుండుననుకుంది. పోనీలే అంటే ఇంకా బాగుండుననుకొని, అనుకున్నందుకు సిగ్గుపడింది. ఖాదర్ కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని ఉండిపోయాడు.

క్రీస్తురాజు చేతిలోని గ్లాసు వైపు చూసుకున్నాడు. టీ మీద మీగడ తెట్టు కట్టింది. గ్లాసును వంగి నేల మీద, గోడ వారగా, ఎవరి కాలూ తగలని చోట పెట్టాడు. లేచాడు. ఇస్త్రీ చొక్కా వెనక సర్దుకున్నాడు.

"టీ తాగిపో రాజూ," అంది బీజాన్ వంటింటి గుమ్మంలోంచి.

అతను ఎవరి వైపూ చూడలేదు. బయట ఒక చెప్పులో కాలు పెట్టి, రెండోది బోర్లా పడి ఉంటే కాలి వేలితో తిప్పుకొని తొడుక్కున్నాడు. మెట్టు దిగి, షెడ్డు పక్కగా నడిచి, రోడ్డెక్కాడు.